ఇరవయ్యారు అడుగుల దగ్గర ఆగమన్న మనిషి

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్న, పిల్ల బడికి వెళ్ళాక, ఫోను మోగింది. అవతల పిన్నిగారు. "మీ బాబాయి వెళ్ళిపోయారే అమ్మాయ్" అన్నారు. ఆ గొంతులో ఏడుపు లేదు, ఆశ్చర్యం ఉంది. "పొద్దున్న కాఫీ ఇచ్చాను. ఒక్క గుక్క తాగి, పంచదార ఎక్కువైందే అన్నారు. నాకెంత సంతోషమేసిందనుకున్నావ్! ఎనిమిదేళ్ళయింది కదే ఆయనకి నాలుక పోయి. రుచి తిరిగొచ్చిందనుకున్నాను. గ్లాసు పట్టుకెళ్ళి కాసిని పాలు కలిపి తెచ్చేసరికి కుర్చీలో తల వాల్చేసి ఉన్నారు."

వస్తున్నానని చెప్పి ఫోను పెట్టేశాను. ఆవిడ సంతోషం నిజం కాదని నాకు తెలుసు. ఎందుకంటే బాబాయిగారి నాలుక ఎప్పుడూ పోలేదు. ఎనిమిదేళ్ళు ఆయన అబద్ధం ఆడారు. ఎవరికోసం ఆడారో ఆయనకి తెలుసు, నాకు తెలుసు. ఆ రోజుకి మా ఇంటి గడప దాటి ఆ సంగతి తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. అది చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. చదివేవాళ్ళు నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. మా అత్తగారింటికి పక్కింటాయన. బోరు మేస్త్రి. వీధిలో అందరూ మేస్త్రిగారనేవారు. నేను మాత్రం కాపరానికి వచ్చిన మొదటి వారమే వరస కలుపుకుని బాబాయిగారూ అన్నాను. వాళ్ళకి పిల్లలు లేరు. ఆ పిలుపుకి పిన్నిగారు మురిసిపోయి ఒక గిన్నెడు పనసపొట్టు కూర పంపించారు.

మా అత్తగారి ఊరు పాలకొల్లుకి దిగువన, సముద్రానికి నాలుగైదు మైళ్ళ దూరంలో ఉంటుంది. చుట్టూ కాలవలు, వరిచేలు, కొబ్బరితోటలు. చూసినవాళ్ళెవరైనా ఈ ఊరికి నీళ్ళ కరువేంటి అనుకుంటారు. కానీ తాగే నీళ్ళు మా వీధి ఉన్న ఇసక మెరక కింద మాత్రమే, అదీ పలచగా, ఉంటాయి. వాననీరు ఇసకలోకి దిగి అక్కడే నిలబడుతుంది. దాని కింద నల్లమట్టి పొర. ఆ పొర కింద ఉప్పునీళ్ళు. ఇది నాకిప్పుడు తెలిసినంత బాగా పెళ్ళయిన కొత్తలో తెలిసి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన అవసరం వచ్చేది కాదు.

నాది రాజమండ్రికి పైన మెట్ట ఊరు. మా వైపు నీళ్ళంటే లోతు. మా నాన్నగారు రెండు వందల ఎనభై అడుగులు వేయించి, మూడించుల నీళ్ళు పైకి ఎగదన్నిన రోజున వీధంతా బెల్లంముక్కలు పంచారు. ఎంత కిందకి వెళ్తే అంత తియ్యటి నీళ్ళు అన్నది నాకు అక్షరాలతో పాటు వచ్చిన చదువు. అందుకే అత్తగారింట్లో చేతిపంపు చూసి, ఎన్ని అడుగులండీ ఇది అని అడిగితే ఇరవై నాలుగు అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది.

"మా నూతి చేంతాడు ఇంతకంటే పొడుగుంటుందండి బాబాయిగారూ" అన్నాను.

ఆయన కూడా నవ్వారు. "మీ మెట్టలో నీళ్ళకి సిగ్గెక్కువమ్మాయ్, పాతాళంలో దాక్కుంటాయి. మా నీళ్ళు అరుగు మీదే కూచుంటాయి. పలకరిస్తే వచ్చేస్తాయి. కిందున్నదాన్ని మాత్రం లేపకూడదు."

ఆయన బోరు వేసే పద్ధతి నేను మొదటిసారి చూసింది మా ఎదురింట్లో. మిషనూ లేదు, ఇంజనూ లేదు. వెదురు కర్రలతో కట్టిన మంచె, ఒక ఇనప పైపు, నలుగురు మనుషులు. ముగ్గురు పైపుని ఎత్తి దింపుతుంటే, ఈయన మంచె మీద కూచుని పైపు మూతిని అరచేత్తో మూస్తూ తెరుస్తూ ఉండేవారు. పైపు లేచినప్పుడు మూత, దిగినప్పుడు తెరుపు. ఆ అరచేతి దెబ్బకే లోపలి ఇసకా నీళ్ళూ కలిసి పైకి చిమ్మేవి. ఆయన కుడి అరచేతిలో పైపు మూతి కొలతకి సరిగ్గా గుండ్రంగా కాయకాసి ఉండేది. పసిపిల్లలు ఆ గుండ్రం మీద వేలు తిప్పి ఆడుకునేవారు.

పైకి వచ్చిన ఇసకని ఒక కొబ్బరాకు మీద చిన్నచిన్న కుప్పలుగా పెట్టేవారు. జానెడు దిగితే ఒక కుప్ప. ప్రతి కుప్పలోంచి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, ఉమ్మేసి, ఇంటినుంచి సీసాలో తెచ్చుకున్న నీళ్ళతో పుక్కిలించేవారు. ఆ నాలుక కోసం ఆయన చుట్ట ముట్టలేదు, కిళ్ళీ వేసుకోలేదు. పనున్న రోజు కాఫీ కూడా తాగేవారు కాదు. ఇసకలో గవ్వముక్కలు కనబడటం మొదలుపెడితే మాట్లాడటం మానేసేవారు. నల్లమట్టి తాలూకు మొదటి మరక కనబడగానే చెయ్యెత్తి "ఆపండెహె!" అని ఒక్క కేక. మా వీధిలో ఆ కేక ఇరవై ఆరు అడుగుల దగ్గర వినబడేది. అక్కడినుంచి రెండడుగులు పైకి లాగి, కొబ్బరిపీచు తాడు చుట్టిన జల్లెడ పైపు దింపేవారు.

నీళ్ళు పడ్డాక మొదటి చెంబు ఇంటి యజమానికి ఇచ్చేవారు కాదు. "మోసేవాళ్ళు తాగాలండి ముందు" అని, ఆ ఇంట్లో బిందె ఎత్తే ఆడమనిషిని పిలిచి ఇచ్చేవారు. కూలి మాత్రం ఆ రోజు తీసుకునేవారు కాదు. మర్నాడు ఆ నీళ్ళతో కందిపప్పు ఉడికి, మెత్తగా మెదిగిందని కబురొస్తేనే వెళ్ళేవారు. ఉప్పు తగిలిన నీళ్ళలో పప్పు ఉడకదు, ఎంతసేపు మంట పెట్టినా గింజ గింజలాగే ఉంటుంది. పైపులు, పంపు తలకాయ, కూలీ అన్నీ కలిపి మూడు వేలు దాటని పని. ఆయన భాగానికి వచ్చేది ఎంతో నేనెప్పుడూ అడగలేదు. పప్పు ఉడకని ఇంటికి మాత్రం ఇంకో చోట ఊరికే వేసిచ్చేవారని పిన్నిగారు దెప్పుతూ చెప్పేవారు.

నీళ్ళు ఎంత పడతాయన్నదానికి కూడా ఆయన లెక్క ఆయనదే. మా అన్నయ్య అంగుళాల్లో చెప్పేవాడు. ఈయన బిందెల్లో చెప్పేవారు. "వరసగా ఎనిమిది బిందెలు కొట్టుకోండి. తర్వాత గంట సేపు దాన్ని వదిలెయ్యండి. బోరుని అడగాలి గానీ పిండకూడదండి."

తొంభైల మధ్యలో మా వైపుకి రొయ్య వచ్చింది. మూడేళ్ళు తిరక్కుండా మా మెరక చుట్టూ ఉన్న వరిచేలన్నీ చెరువులైపోయాయి. ఉప్పుటేటినుంచి ఇంజన్లు పెట్టి నీళ్ళు తోడేవారు. ఊరి మంచినీళ్ళ చెరువు గట్టుకి అవతలే రొయ్యల చెరువు. ఆ ఊట ఈ చెరువులోకి దిగింది. వేసవిలో మరమ్మతులకని కాలవలు కట్టేస్తారు. అలా కట్టేసిన ఒక ఏప్రిల్లో మా వీధి బోర్లే ఊరు ఊరంతటికీ దిక్కయ్యాయి. పక్క పేటలవాళ్ళు కూడా బిందెలు పట్టుకుని వచ్చేవారు. ఎనిమిది బిందెలు కాదు, ఎనభై కొట్టారు. మా బోరు ముందు ఎగశ్వాస పెట్టింది. తర్వాత గాలి కక్కింది.

ఆ వేసవి మా అమ్మాయికి మూడేళ్ళు. మిగతా బోర్ల దగ్గర వంతు దొరక్క, గతిలేక చెరువు నీళ్ళు వడగట్టి, కాచి పట్టాను. అయినా విరేచనాలు పట్టుకున్నాయి. పాలకొల్లు ఆసుపత్రిలో మూడు రోజులు సెలైను పెట్టి ఇంటికి పంపితే, వారం తిరక్కుండా మళ్ళీ మొదలు. పిల్ల కళ్ళు లోపలికి పోయాయి. "అమ్మా నీళ్ళు" అంటుంటే, ఏ నీళ్ళు పట్టాలో తెలియక గ్లాసు చేత్తో పట్టుకుని నిలబడిపోయేదాన్ని. మావారు కడియం నర్సరీల మొక్కల లారీ మీద వెళ్ళారు. ఆ లారీ ఒకసారి పైరాష్ట్రం దాటిందంటే ఇరవై రోజులకి గానీ తిరిగొచ్చేది కాదు. ఇంట్లో నేను, అత్తగారు.

బాబాయిగారి దగ్గరికి పరిగెత్తాను. "ఇంకా లోతుకి దింపండి బాబాయిగారూ. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఉన్నది ఇరవయ్యారేనమ్మా. ఆ కింద అడుగు వేస్తే సముద్రం. మీ పెరట్లో తూర్పు మూల నిమ్మచెట్టు దగ్గర ఇసక బాగుంటుంది, అక్కడ కొత్తది వేసిస్తాను. అవతల ఊళ్ళో ఒప్పుకున్న పని ఉంది, వాళ్ళదీ ఇదే గోల. పది రోజులు ఓపిక పట్టు. అంతదాకా మా బోరు నీళ్ళు పిల్లకి పట్టు, పిన్నితో చెప్పి వెళ్తాను."

పది రోజులు. కళ్ళు లోపలికి పోయిన పిల్లని ఒళ్ళో పెట్టుకుని వినాల్సిన మాటా అది? ఆయన మంచి మాటే చెప్పారు. నాకు మాత్రం ముసలాయన చాదస్తంలా వినబడింది. మర్నాడు మా అన్నయ్యకి ఫోను చేసి ఏడ్చాను. వాడూ మెట్టవాడే, నాలాగే ఆలోచించేవాడు. "ఇరవయ్యారు అడుగులా? అది బోరా, బొరియా? మిషను పంపిస్తున్నాను, ఏడవకు" అన్నాడు.

బాబాయిగారు అవతల ఊరు వెళ్ళిన మూడో రోజున లారీ మీద బిగించిన మిషను మా సందులోకి వచ్చింది. అడుగుకి అరవై రూపాయలు, కేసింగు పైపులు వేరే. ఖర్చంతా అన్నయ్యదే. వీధి పిల్లలందరూ గోడలెక్కి చూశారు. గంట గడవకముందే బురద నల్లబడింది. మిషను నడిపేవాడు ఆపి అడిగాడు, "నల్లమట్టి వస్తోందమ్మా, వెళ్ళమంటారా?" అని. వాడు అడిగింది నన్నే. అత్తగారు చెయ్యి పట్టుకుని "వద్దే, మేస్త్రిగారిని రానీ" అన్నారు. వెళ్ళమన్నాను. నా నోటితోనే అన్నాను.

నూట అరవై అడుగుల దగ్గర నీళ్ళు పడ్డాయి. ఎవరూ కొట్టకుండానే పైకి ఉబికాయి. వీధంతా చప్పట్లు. నేను దోసిట్లో పట్టి నోట్లో పోసుకుని, మింగలేక, అందరి ముందూ అక్కడే వాంతి చేసుకున్నాను. అంత ఉప్పు.

అప్పటికైనా ఆగి ఉండాల్సింది. "బోరు పోయింది, పైపులన్నా దక్కించుకుందామా?" అని మిషనువాడు అడిగాడు. అన్నయ్య డబ్బు కదా అని సరే అన్నాను. పైపులు పీకేశారు. పొర మధ్యలో కన్నం అలాగే మిగిలింది, అందులోంచి ఉప్పు పై ఇసకలోకి ఎక్కడం మొదలుపెట్టింది. లారీ వెళ్ళిపోయింది.

వారం తిరిగేసరికి మా ఎదురింట్లో పప్పు ఉడకలేదు. మర్నాడు ఆ పక్కింట్లో. వీధిలో ఆరు బోర్లు. ఒక్కో ఇంటి ఆడమనిషీ గరిటెతో గింజలు నలిపి చూస్తూ, కట్టెలు ఇంకా ఎగదోస్తూ, చివరికి గిన్నె పట్టుకుని బయటికి రావడం నేను కిటికీలోంచి చూశాను. ఆఖరిగా పిన్నిగారు వచ్చారు. నా పిల్లకి పది రోజులుగా ప్రాణం పోస్తున్న బోరు అది. ఆ ఉడకని పప్పు గిన్నె ఇప్పటికీ నాకు కల్లోకి వస్తుంది.

జనం మా పెరట్లోకి వచ్చారు. అరిచారు. అరవరా మరి? ఇళ్ళల్లో చంటిపిల్లలున్నారు, చూలింతలున్నారు, పాలిచ్చే గేదెలున్నాయి. "ఎవరు చెప్పేరు ఇంత లోతు పొడవమని? ఎవరిని అడిగి పొడిచేరు?" అని ఎదురింటాయన అడిగాడు. నేను పిల్లని చంకనేసుకుని గడపలో నిలబడి ఉన్నాను. పిల్లని ఇంకో చంకలోకి మార్చుకున్నాను. అత్తగారు నా వైపు చూసి తల దించుకున్నారు.

అప్పుడే బాబాయిగారు సందు మలుపు తిరిగారు. భుజాన సంచి, చేతిలో ఆ నీళ్ళ సీసా. గుంపుని చూశారు, కన్నాన్ని చూశారు, దాని చుట్టూ ఎండిన నల్లమట్టిని చూశారు. నన్ను చూశారు. ఆయనకి ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

"నేనే చెప్పానండి" అన్నారు.

గుంపంతా ఆయన వైపు తిరిగింది.

"ఇక్కడ నల్లమట్టి కింద మంచినీళ్ళున్నాయని వెళ్తూ వెళ్తూ నేనే చెప్పి వెళ్ళాను. ఆ పిల్ల నా మాట నమ్మింది. ఈ మధ్య నాకు రుచి తెలియడం లేదండి. నాలుక పోయింది. ఎవరికీ చెప్పుకోలేకపోయాను."

ఒక బోరు మేస్త్రి నలుగురిలో అనకూడని మాట అది. వైద్యుడు నాకు నాడి అందడం లేదని చెప్పుకోవడం లాంటిది. ముప్పయ్యేళ్ళ పేరు నిలబడ్డపళాన పోయింది. జనం ఆయన్ని ఏమీ అనలేకపోయారు, క్షమించనూ లేకపోయారు. పిన్నిగారు గిన్నె చేతిలో పట్టుకుని ఆయన మొహంలోకే చూస్తూ ఉండిపోయారు. నేను అప్పుడైనా నోరు విప్పి ఉండాల్సింది. విప్పలేదు. నాకు భయమేసింది. అంతకంటే గొప్ప కారణం ఏదీ లేదు.

మర్నాటినుంచి ఆయన ఆ కన్నం పూడ్చడం మొదలుపెట్టారు. బండి మీద బంకమట్టి తెప్పించి, పిసికి, నిమ్మకాయంత ఉండలు చేసి, నీడన ఆరబెట్టి, పైపులోంచి ఒక్కొక్కటీ జారవిడిచి, ఇనప కడ్డీతో కుమ్మేవారు. నేనూ పక్కన కూచుని ఉండలు చేశాను. పదిహేడు రోజులు పట్టింది. ఊళ్ళోవాళ్ళు ట్రాక్టరు మీద డ్రమ్ములు కట్టుకుని ఎక్కడెక్కడినుంచో నీళ్ళు తెచ్చుకుంటుంటే, మేమిద్దరం ఉండలు చేస్తూ కూచున్నాం. మావారు ఊరినుంచి వచ్చి, సంగతి నాచేత చెప్పించుకుని, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పిల్లని మాత్రం అన్నయ్య తీసుకెళ్ళాడు, మా పుట్టింటి నీళ్ళతోనే తేరుకుంది.

ఐదో రోజో ఆరో రోజో అడిగాను. "ఎందుకు చెప్పారండి బాబాయిగారూ అలాగ?"

ఆయన మట్టి పిసకడం ఆపలేదు. "నువ్వు పైఊరినుంచి వచ్చిన పిల్లవి. ఈ వీధిలో ఇంకా నలభై యాభై ఏళ్ళు బిందె పట్టుకు తిరగాలి. ఆ పప్పు గిన్నెల మధ్య తిరగ్గలవా? నాదేముందే, అరవై దాటేను."

"నేను చెప్పేస్తానండి అందరికీ."

"చెప్తే నీళ్ళొస్తాయా? రావు. ఇంకో మనిషి పోతుంది, అంతే. మీ పిన్నికి కూడా చెప్పకు. దానికి నోట్లో మాట దాగదు."

పిన్నిగారికి ఆయన ఎందుకు చెప్పలేదో నాకిప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. చెప్తే ఆవిడ నా మొహం చూడరని తెలుసేమో. ఆ ఇంట్లో నాకున్న చోటు కూడా పోకూడదనుకున్నారేమో.

ఆ తర్వాత ఆయన్ని ఎవరూ బోరుకి పిలవలేదు. ఏడాది చూసి పైపులు, మంచె కర్రలు అమ్మేసి, పీచుతాడు పేనుకుంటూ అరుగు మీద కూచున్నారు. అరచేతిలో ఆ గుండ్రటి కాయ మెల్లమెల్లగా మెత్తబడింది. ఈ అబద్ధం అక్కడితో అయిపోయిందనుకున్నాను. అవ్వలేదు. నాలుక పోయిందన్న మనిషి రోజూ రెండు పూటలా కంచం ముందు కూచోవాలి కదా.

ఒకరోజు వాళ్ళింట్లో భోజనానికి ఉన్నాను. గుమ్మడికాయ పులుసు. మొదటి ముద్దకే నాకు పొలమారింది. ఉప్పు రెండుసార్లు పడింది. పిన్నిగారు ఇంకా తినలేదు. నేను తలెత్తి ఏదో అనబోతే బాబాయిగారు కళ్ళతోనే వారించారు. ఆయన అదే పులుసు రెండోసారి కలుపుకుని, నింపాదిగా తిని, చెయ్యి కడుక్కుని వెళ్ళి అరుగు మీద కూచున్నారు. తర్వాత పిన్నిగారు తిని నెత్తి కొట్టుకున్నారు. "అయ్యో, ఇదెలా తిన్నారే ఆ మనిషి! ఇంతకు ముందు కూరలో ఒక రవ్వ తగ్గితే కంచంలోంచి లేచేవారు. ఇప్పుడింక నేను అడగడం కూడా మానేశాను, సరిపోయిందా అని. అడిగితే బాధపడతారని." ఆవిడ కళ్ళొత్తుకున్నారు. నేను ఆవిడ ఎదురుగా కూచుని మజ్జిగ పోసుకున్నాను.

నాలుగు వానాకాలాలు గడిచాయి. ఒక తెల్లవారుజామున పాలకని లేచి బయటికొస్తే, వీధి చివరి బోరు దగ్గర ఎవరో వంగి ఉన్నారు. బాబాయిగారు. ఒక్క దెబ్బ కొట్టి, దోసిట్లో పట్టి, నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి నేను కనబడ్డాను. దొంగతనం చేస్తూ దొరికిపోయిన పిల్లాడిలా నవ్వారు.

"విరిగిందే అమ్మాయ్. ఉప్పు విరిగింది. ఇవాళ ఈ నీళ్ళతో పప్పు పెట్టి చూడు."

పెట్టాను. ఉడికింది. వెన్నలా మెదిగింది. ఆయన చెప్పలేరు కాబట్టి గిన్నె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి నేనే చెప్పాను. ఆరిట్లో మూడు బోర్లు బాగుపడ్డాయి. వీధివాళ్ళు నా చేతులు పట్టుకున్నారు. నీ నోటి చలవ అన్నారు. ఎదురింటామె నాకు పసుపు కుంకుమ ఇచ్చింది. బాబాయిగారు అరుగు మీద తాడు పేనుతూ, తలూపి, "మంచిదమ్మా" అన్నారు. నా జీవితంలో అంత సిగ్గుపడ్డ రోజు ఇంకోటి లేదు.

ఆ పై ఏడాది అత్తగారు పోయారు. అమ్మాయి చదువని మేము పాలకొల్లు వచ్చేశాం. ఊళ్ళోకి నీళ్ళ క్యాన్లు వచ్చాయి. ఇప్పుడు ఆ బోర్ల నీళ్ళు ఎవరూ తాగడం లేదు, అంట్లు తోముకుంటున్నారు. ఇరవై ఆరు అడుగుల సంగతి గుర్తున్నవాళ్ళు తక్కువ. మేస్త్రిగారి నాలుక పోయి వీధి మునిగింది అన్న మాట మాత్రం అందరికీ గుర్తుంది. ఆయన్ని మోసుకెళ్ళిన రోజున కూడా ఇద్దరు ఆ మాట అనుకుంటుంటే నా చెవినపడింది. ఈ పత్రిక ఆ వీధిలో రెండిళ్ళకి వస్తుందని నాకు తెలుసు. దయచేసి చదివి, మిగతావాళ్ళకి చెప్పండి. మేస్త్రిగారు ఇరవై ఆరు దగ్గర ఆగమన్నారు. వెళ్ళమన్నది నేను. పైపులు పీకమన్నదీ నేనే.

ముందు చెప్పాల్సిన మనిషికి మొన్న మాసికం నాడు చెప్పాను. నేను వెళ్ళేసరికి పిన్నిగారు పొయ్యి దగ్గర ఉన్నారు. ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు. మళ్ళీ ఆ కాఫీ మాటే ఎత్తారు. "చివరాఖరికి రుచి తెలిసి పోయారే, అదొక్కటే నాకు ఊరట" అన్నారు. ఇంక నావల్ల కాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి మొత్తం చెప్పేశాను.

ఆవిడ గరిటె తిప్పుతూనే విన్నారు. తర్వాత లెక్క పెట్టుకుంటున్నట్టు మెల్లగా అన్నారు. "ఆ ఉప్పు పులుసు. ఆ దసరాకి పంచదార వెయ్యడం మర్చిపోయిన పాయసం. కారం ఎక్కువైపోయిన వంకాయ కూర. అన్నీ తెలిసే తిన్నారన్నమాట." నా వైపు తిరిగారు. "నా ఎదురుగా కూచుని మజ్జిగ పోసుకున్నావు కదే నువ్వు." తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. అరిటాకు అందుకుని కడిగి, ఆయన ఫొటో ముందు పరిచి, వడ్డించడం మొదలుపెట్టారు. నన్ను కూచోమనలేదు, పొమ్మనలేదు.

పోయినవాళ్ళకి పెట్టే విస్తరి ముందు రుచి చూడకూడదు. పిన్నిగారు ఆచారం తప్పే మనిషి కారు. పులుసు వడ్డించబోతూ ఆగారు. గరిటెలోంచి ఒక చుక్క అరచేతిలో వేసుకుని, నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకున్నారు. మాసికానికని వచ్చిన ఆవిడ ఆడపడుచు వెనకనుంచి "అయ్యో వదినా, ఎంగిలి" అంటున్నా వినిపించుకోలేదు. లోపలికి వెళ్ళి చిటికెడు ఉప్పు తెచ్చి, కలిపి, ఇంకోసారి చూసి, అప్పుడు ఆకులో వడ్డించారు.

"సరిపోయిందాండీ?" అని అడిగి, జవాబు కోసం అక్కడే నిలబడ్డారు.